దుడ్డె మీది తామర ఇంటికీ వస్తుంది

చలికాలంలో దుడ్డె కన్ను చుట్టూ, మెడ మీద వెంట్రుకలు రాలి, బూడిద రంగు పొలుసు కట్టిన గుండ్రటి మచ్చలు కనబడితే అది తామర. బొగ్గు నీళ్లు తాగి వచ్చిందని కొందరు, గ్రహపాటని కొందరు అంటారు. రెండూ కాదు. ట్రైకోఫైటన్ అనే బూజు చేసే పని అది.

బర్రె నీళ్ల జీవి గదా, చెరువులో పొర్లితే పోతుందిలే అనుకోవద్దు. నీళ్లలోనే బతికే జంతువులకూ బూజు తెగుళ్లు తప్పవు. ఆస్ట్రేలియాకు దక్షిణాన టాస్మేనియా దీవిలో ప్లాటిపస్ అనే వింత జంతువుంది. గుడ్లు పెడుతుంది, పిల్లలకు పాలిస్తుంది. 1982లో అక్కడి ఎలిజబెత్ నదిలో వాటి ఒంటి మీద పుండ్లు కనబడ్డాయి. కారణం మ్యూకర్ ఆంఫిబియోరం అనే మరో రకం బూజు. ప్రధాన భూభాగంలో అది కప్పలకు పట్టేదే గాని ప్లాటిపస్ జోలికి పోలేదు. అరటి గెలల్లో దాగిన కప్పలతో దీవికి చేరిందేమోనని అనుమానం. పుండ్లు ముదిరినవి ఒంటి వేడి నిలుపుకోలేక చచ్చాయి. అడవి జంతువుకు మందు పూసేదెవరు?

మన దుడ్డెకు ఆ దిక్కులేనితనం లేదు. జబ్బు దుడ్డెను వేరుగా ఎండ తగిలేచోట కట్టెయ్యాలి. సబ్బు నీళ్లతో పొలుసు నానబెట్టి తీసి, కాల్చెయ్యాలి. మచ్చలకు టింక్చర్ అయోడిన్ పూయాలి, కంట్లో పడకుండా. అసలు తిరకాసు కొట్టంలో ఉంది. ఆ బూజు గింజలు గుంజల్లో, పలుపుల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడగాలి.

కొట్టం విశాలం చెయ్యమని చెప్పడం సులువే. రామగుండం, గోదావరిఖని చుట్టూ ఓపెన్‌కాస్టు గనులు, మట్టి గుట్టలు, బూడిద చెరువులు మేతభూమిని తినేశాక పాడి రైతుకు జాగా ఏదీ? ఇరుకు, చీకటి, తేమ ఉన్నచోట దుడ్డెలను కిక్కిరిసి కట్టేస్తే తామర ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది.

దీనికి టీకా ఉంది. 1970లలో అప్పటి సోవియట్ యూనియన్ శాస్త్రజ్ఞులు తయారుచేశారు. నార్వే రైతులు దాన్ని వాడి పశువుల తామరను బాగా తగ్గించారు. ఆ టీకా గురించి పసుల దవాఖానలో అడగండి.

మరో మాట. ఈ తామర మనుషులకూ అంటుతుంది. దుడ్డెను ముద్దు చేసే పిల్లలకు, పాలు పితికేవాళ్లకు ముందు వస్తుంది. గనిలో ఉక్కకు, చెమటకు నానిన కార్మికుడి చర్మం ఏ తామరకైనా సులువుగా లొంగుతుంది. మందుల దుకాణంలో దొరికే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు దురదను అణచి, తామరను లోపల ముదరబెడుతుంది. అది కొనకుండా డాక్టరుకు చూపించండి. ఇంట్లో దుడ్డెకు మచ్చలున్న సంగతి కూడా ఆయనతో చెప్పండి.