తులం తూకంలో తూటా

మందు కాస్త ఎక్కువైతే తుపాకీ పగులుతుంది. మరీ తక్కువైతే గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. వేట తూటాను చేత్తో నింపడమంటే కంసాలి త్రాసు ముందు కూర్చున్నట్టే! ఒకప్పుడు ఓ విద్యగా వెలిగిన ఆ పని మన పల్లెల్లో ఇప్పుడు ఏ రూపంలో మిగిలింది?

కామారెడ్డిలో బస్సెక్కి, లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి చేరుకుని, అక్కణ్నుంచి మెదక్ దారి పట్టండి. నాగిరెడ్డిపేట దాటాక పోచారం ప్రాజెక్టు నీళ్లు కనిపిస్తాయి. ఆ చుట్టూ ఉన్న అడవి ఒకనాడు నిజాం ప్రభువుల వేటస్థలం. 1952లో దాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలో ఇప్పుడు చిరుతలు, ఎలుగుబంట్లు, కణుజులు, కొండగొర్రెలు నిశ్చింతగా తిరుగుతున్నాయి. తుపాకీ మోతలు ఆగిపోయాయి. కానీ తూటా కథ మాత్రం ఆగలేదు.

భర్... మార్!

మన ఊళ్లకు తెలిసిన మొదటి తుపాకీ భర్మార్. పేరులోనే పని ఉంది. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. గొట్టం మూతిలోంచి నల్లమందు పోసి, పీచు కుక్కి, గుండ్లు వేసి, ఇనుప చువ్వతో దట్టించాలి. ఒక్కసారి పేల్చాక మళ్లీ మొదటికే. ఈలోగా అడవిపంది మీదికొస్తే చెట్టెక్కడమే గతి! తెలంగాణ సాయుధ పోరాట కాలంలో పల్లెజనం చేతుల్లో ఉన్నవాటిలో ఇవీ ఉన్నాయి.

అంటే, మనవాళ్లకు చేత్తో నింపుకోవడం కొత్త కాదు. కొత్తగా వచ్చింది ఇత్తడి తూటా.

పోయేది మూడు, మిగిలేది ఒకటి

రైఫిల్ తూటాలో నాలుగే భాగాలు. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు రాజేసే టోపీ, లోపల మందు, మూతిలో గుండు. పేల్చగానే టోపీ చితికిపోతుంది, మందు కాలిపోతుంది, గుండు ఎగిరిపోతుంది. ఇత్తడి గొట్టం మాత్రం మిగులుతుంది. నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు కలిపి చేసే ఆ గొట్టమే తూటాలో ఖరీదైన భాగం. పారేయడం ఎందుకు, మళ్లీ నింపుకొంటే పోలా? అన్న ఆలోచన నుంచే ఈ విద్య పుట్టింది.

చెప్పినంత తేలిక కాదది. పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి తుపాకీ గదికి అతుక్కుంటుంది. ఆ వేడి వాయువు వెనక్కి రాకుండా అడ్డుకునేది అదే. తర్వాత కొంచెం ముడుచుకుంటుంది కానీ పాత కొలతకు రాదు. దాన్ని అచ్చులో పెట్టి నొక్కి మళ్లీ కొలతకు తేవాలి. వెంట్రుక మందాన పగులు కనిపించినా పక్కన పడేయాలి. పాత టోపీ తీసి కొత్తది బిగించాలి. మందు తూచి పోయాలి. చివరగా గుండును ఎంత లోతుకు దించాలో అంతే దించాలి. నాలుగైదుసార్లు వాడేసరికి ఇత్తడి పెళుసెక్కుతుంది. అప్పుడు మూతిని తగుమాత్రం వేడిచేసి మెత్తబరచాలి. ఇత్తడి రేకుమీద బొమ్మలు తీర్చే మన పెంబర్తి కళాకారులకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది!

టోపీల విషయంలో ఓ తమాషా ఉంది. అమెరికా వాడైన బెర్డాన్, ఇంగ్లండు వాడైన బాక్సర్ 1866 ప్రాంతంలో చెరో రకం కనిపెట్టారు. బెర్డాన్ పద్ధతిని యూరప్ అందుకుంది, బాక్సర్ పద్ధతిని అమెరికా అందుకుంది! బాక్సర్ గొట్టంలో నడిమధ్య ఒకే రంధ్రం ఉంటుంది కాబట్టి సన్నటి పుల్లతో పాత టోపీని పొడిచి తీసేయొచ్చు. ఇంట్లో తూటాలు నింపుకొనే అలవాటు అమెరికాలో అంతగా పాతుకుపోవడానికి అదీ ఒక కారణం.

గురిగింజలో ముక్క

తూటా లెక్కలన్నీ గ్రెయిన్లలో ఉంటాయి. మనకు దూరపు కొలత అనుకుంటాం కానీ, 1833లో ఈస్టిండియా కంపెనీ తులం బరువును సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేసింది. వేటగాళ్లలో పేరుమోసిన .375 హాలండ్ అండ్ హాలండ్ మాగ్నమ్ తూటాలో బరువైన గుండు 300 గ్రెయిన్లు. అంటే తులంన్నర పైమాటే. మందు తూచేటప్పుడు గ్రెయినులో పదోవంతు తేడానూ పట్టించుకుంటారు. గురిగింజను పంతొమ్మిది ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత అన్నమాట! మరి, ఏమరుపాటున ఒకే గొట్టంలో రెండుసార్లు మందు పోస్తే? పేలేది తూటా కాదు, తుపాకీ.

మన ఎండ... వాళ్ల లెక్క

సంస్థానాధీశుల కాలపు ఇంగ్లండు రైఫిళ్లలో వాడిన మందు కార్డైట్. 1889లో వచ్చిన ఈ మందు పొడిలా కాక సేమ్యా పోగుల్లా ఉండేది. ఎండకు వేడెక్కితే పేలినప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. చలిదేశంలో చక్కగా పనిచేసిన తూటా, నలభై డిగ్రీలు దాటే మన వేసవిలో గదిలో బిగుసుకుపోయేది. ఎదురుగా గాయపడిన పులి, చేతిలో తెరుచుకోని రైఫిల్... ఊహించుకోండి! అందుకే వేడిదేశాల కోసం మందు తగ్గించి వేరే తూటాలు చేశారు. 1912లో వచ్చిన .375 గొట్టం మూతివైపు సన్నగా వాలి ఉంటుంది. ఎండలోనూ తేలిగ్గా ఊడిరావడానికి ఆ వాలు పనికొచ్చింది.

చేత్తో నింపడానికి భయపడి తెల్లదొరలు చట్టమే మార్చిన సందర్భం ఇంకోటి. వేట రైఫిళ్ల .450 గుండ్లను ఊడదీసి, తిరుగుబాటుదార్లు పాత మార్టిని-హెన్రీ సైనిక తుపాకుల తూటాల్లో నింపుతారేమోనన్నది వాళ్ల అనుమానం. 1907 ప్రాంతంలో ఆ సైజును భారతదేశంలోకి రానివ్వకుండా నిషేధించారు. దాంతో ఇంగ్లండు తుపాకీ కంపెనీలు .470, .465 లాంటి కొత్త సైజులు కనిపెట్టాల్సి వచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతా గొప్పగా చెప్పుకొనే ఆ వేట తూటాల పుట్టుకకు మూలం మన దేశంమీద ఉన్న భయమే!

మన సొంత తూటా కూడా అలాగే వచ్చింది. .303 సైన్యానిది కాబట్టి మామూలు జనానికి నిషిద్ధం. ఆ లోటు తీర్చడానికి ఇషాపూర్ ఫ్యాక్టరీ .315 రైఫిల్ చేసింది. దీని తూటాలు 1869 నాటి ఖడ్కీ కర్మాగారంలో తయారయ్యేవి. ఇత్తడి అడుగున కనిపించే కె.ఎఫ్. అన్న అక్షరాలు ‘కిర్కీ ఫ్యాక్టరీ’వే.

చట్టం ఏమంటుంది?

1959 ఆయుధ చట్టం పంటల కాపలాకు మూతిలోంచి నింపే తుపాకీకి లైసెన్సు కోరే రైతును ప్రత్యేకంగా గుర్తించింది. అది నింపకుండా పేలదు కాబట్టి చేత్తో నింపాల్సిందే. కానీ ఇత్తడి తూటా సంగతి వేరు. ఆ చట్టం లెక్కలో తూటా భాగాలూ, తూటాలు చేసే యంత్రాలూ మందుగుండే. లైసెన్సు లేకుండా తయారుచేస్తే 2019 సవరణ ప్రకారం కనీసం ఏడేళ్ల జైలు, యావజ్జీవం దాకా పడొచ్చు. అమెరికాలో ఇంటివెనక గదిలో సాగే సరదా ఇక్కడ పెద్ద నేరం.

పోనీ తుపాకీ ఉంది కదా అని పందిని కొడదామంటే... 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డుంది. అడవి అంచున మక్కచేను వేసిన రైతుకు ఒక్క రాత్రిలో పంట పోతుంది. ఆ బాధ చూసే 2021లో తెలంగాణ ప్రభుత్వం పందుల్ని కాల్చేందుకు అనుమతిచ్చే అధికారాన్ని సర్పంచులకు అప్పగించింది. అయితే కాల్చాల్సింది రైతు కాదు, అధికారుల జాబితాలో ఉన్న షూటర్లు.

ఆ షూటరు వచ్చేదాకా ఆగలేనివాళ్లు పెట్టేవే కరెంటు తీగలు, పిండిముద్దల్లో దాచే నాటుబాంబులు. అవీ చేత్తో నింపేవే! కానీ వాటికి త్రాసు లేదు, అచ్చు లేదు, గురి అసలే లేదు. పంది కొరికినా పేలుతుంది, మేతకెళ్లిన గేదె కొరికినా పేలుతుంది, చేత్తో పట్టుకున్న పసివాడి దగ్గరా పేలుతుంది.

నవాబుల వేట పోయింది, మంచిదే. దాంతోపాటు పోయింది ఒక జాగ్రత్త. గురిగింజలో ముక్కను సైతం తూచి, అనుమానమొస్తే పక్కన పెట్టే జాగ్రత్త. చేలో నిద్రకాచే రైతుకు సమయానికి షూటరునో, పటిష్ఠమైన కంచెనో, పోయిన పంటకు పరిహారాన్నో అందించగలిగితే ఆ నాటుబాంబు చుట్టాల్సిన అవసరం ఉండదు. పోచారం అడవిలో తుపాకీ మోత ఆగినట్టే, చేలగట్ల మీద ఆ మోతా ఆగుతుంది.