బొంతలో ఉన్నంతే నీళ్లు

“ఇంకో వంద అడుగులు దింపితే గంగ పడతది.” వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు బోరుబండి ఆగిన చోటల్లా వినిపించే మాట ఇది. విన్నప్పుడల్లా నాకు కడుపు మండుతుంది. ఆ వంద అడుగులకు అప్పు తెచ్చేది రైతు. పడకపోతే మునిగేదీ ఆయనే.

ఈ నేల కింద చాలామటుకు గ్రానైటు బండ. అలంపూర్ వైపు సున్నపురాయి, దాని లెక్క వేరు. బండ మీద, రాయి శిథిలమై ఏర్పడిన మొరం ఉంటుంది. పాత చీరలతో కుట్టిన బొంతను గచ్చు మీద పరిచి కడవెడు నీళ్లు గుమ్మరించండి. బొంత తాగుతుంది. గచ్చుకు పగుళ్లుంటే కాసిన్ని అందులోకి దిగుతాయి. మొరం ఆ బొంత, బండ ఆ గచ్చు. మొరం ఉన్నంత మేర కేసింగు దింపేస్తారు కాబట్టి నీళ్లు బండలోంచే పుట్టుకొచ్చినట్టు కనిపిస్తాయి. నిజానికి మోటారు పగులును పీలుస్తుంది, పగులు బొంతను పీలుస్తుంది. బొంత అంతటా ఒకే మందంలో ఉండదు. గుట్ట వాలులో అరిగి పలచబడింది, వాగు ఒడ్డున నాలుగు చీరల మందం ఉంది. మీరు ఒక మూల పిండితే పక్కవాడి మూల ఆరిపోతుంది. అన్నదమ్ములు గెట్టు పెట్టుకుని పంచుకున్నా బొంత చిరగదు, ఇద్దరిదీ అదే బొంత. ఇక లోతుకు పోయేకొద్దీ గచ్చులో పగుళ్లు తగ్గిపోతాయి. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రజ్ఞులు ఫ్రెంచి శాస్త్రజ్ఞులతో కలిసి మహేశ్వరం దగ్గర గ్రానైటు నేలల్లో ఏళ్ల తరబడి పరిశోధించి చెప్పింది ఇదే.

అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింటు చూపించేవాళ్లను నమ్మి ఇంకా ఎందరు నష్టపోవాలి? కాయను కదిలించేది నీరు కాదు, మనకు తెలియకుండానే కదిలే చేతి కండరాలు. చూపిన చోట అప్పుడప్పుడు జల పడుతుంది, నిజమే. మంచి వానలు పడ్డ ఏడు బొంతను ఎక్కడ పొడిచినా తడే. పడని బోర్ల సంఖ్యను మాత్రం ఎవరూ చెప్పరు.

బొంతలోకి ఏటా ఎంత చేరుతుందో చూద్దాం. ఇక్కడ వాన సుమారు 600 మిల్లీమీటర్లు. ఇలాంటి నేలల్లో అందులో పదోవంతు ఇంకితే గొప్ప, అంటే 60. ఎకరంలో ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,000 లీటర్లు. కాబట్టి ఎకరానికి ఏటా చేరేది రెండు లక్షల నలభై వేల లీటర్లు. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి, అంటే 48 లక్షల లీటర్లు. ఒక్క ఎకరం వరికి ఇరవై ఎకరాల ఇంకుడు! మడిలో పెట్టినదాంట్లో సగం తిరిగి కిందికి దిగిందనుకున్నా పదెకరాలది. అదే వానాకాలంలో వేరుశనగ ఊడలు దిగేటప్పుడో కాయ ఊరేటప్పుడో వాన ముఖం చాటేస్తే, 50 మిల్లీమీటర్ల చొప్పున రెండు తడులిస్తే పంట నిలబడుతుంది. ఎకరానికి నాలుగు లక్షల లీటర్లు. వరి ఒక ఎకరంలో పెట్టే నీళ్లు పన్నెండు ఎకరాల వేరుశనగను ఒడ్డున పడేస్తాయి. పాలమూరులో చిన్ననీటి సాగును విస్తరించే దారి ఇదే. బోర్లు పెరగనక్కర లేదు, తడి అందే ఎకరాలు పెరగాలి.

బొంతను మళ్లీ తడిపేది చెరువు. వనపర్తి సంస్థానం నాటి పెద్ద చెరువులను సప్తసముద్రాలంటారు. శ్రీరంగాపూర్‌లో గుడిని ఆనుకుని నిండుగా ఉన్న రంగసముద్రాన్ని చూస్తూ గంటలు గడపగలను నేను. చెరువు ఆయకట్టును తూము లెక్కతోనే చూస్తాం గానీ, కట్ట కింది బావుల్లో ఊరే నీళ్లూ చెరువువే. మిషన్ కాకతీయ 2015లో మొదలైనప్పుడు నాకు కలిగిన సంతోషం పూడిక తీసినందుకే కాదు, ఆ బావుల కోసం కూడా. జూరాల నీళ్లు, నెట్టెంపాడు, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు చెరువుల్లోకి చేరినచోట బావుల్లో మట్టం పెరిగింది. కాలువ అందని ఊళ్లకు మాత్రం బొంతే దిక్కు.

2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల ఉచిత కరెంటు వచ్చింది. రైతుకు రాత్రిపూట పొలానికి పోయే బాధ తప్పింది, మంచిదే. కానీ ఆటో స్టార్టర్ పెట్టి వదిలేసిన మోటారు బొంత ఆరేదాకా పిండుతూనే ఉంటుంది.

ఉమ్మడి రాష్ట్రంలో, మహబూబ్‌నగర్‌తో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే వానను కొలిచి, బావుల్లో మట్టం చూసి, యాసంగికి ముందు ఊరంతా కూర్చుని నీళ్ల పద్దు వేసుకున్న ఏపీఫామ్స్ పథకం నడిచింది. దాని వెనుక ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఉంది. నీరు ఎంత ఉందో గోడ మీద రాశారు, ఏ పంట వేయాలో ఎవరికి వారే తేల్చుకున్నారు. బోరున్నవాళ్లు పైపులు కలుపుకుని, కొత్త బోరు వేయబోమని ఒప్పుకుని, బోరు లేని పక్క చేనుకూ రెండు తడులిచ్చే పద్ధతినీ తెలుగు నేల మీదే కొన్ని ఊళ్లు నడిపి చూపాయి. ఒక తాడు, దాని కొసన ఒక రాయి, బావి గట్టు మీద ఒక నోటుపుస్తకం ఉంటే ఈ దసరా తర్వాత ఏ ఊరైనా ఆ పద్దు మొదలుపెట్టవచ్చు.