సింగపూర్ తోటలో మిగిలిన అడవి

సింగపూర్ బొటానిక్ గార్డెన్స్‌లో పచ్చిక బయళ్లకూ ఆర్కిడ్ల తోటకూ పక్కనే సుమారు 6 హెక్టార్ల వర్షారణ్యం ఉంది. అది ఎవరో నాటి పెంచిన వనం కాదు. 1859లో తోట వేసేనాటికే అక్కడ ఉన్న అడవిలో నరకకుండా విడిచిపెట్టిన ముక్క. పంతొమ్మిదో శతాబ్దంలో గాంబియర్ అనే పంట, మిరియాల సాగు కోసం సింగపూర్ దీవి మీది అడవి చాలావరకు నేలమట్టమైంది. అలాంటి చోట, నగరం నడుమ, ఈ మాత్రమైనా దక్కడం గొప్ప విషయం. ఈ తోటను యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది.

అయితే నరకకుండా వదిలేసినంత మాత్రాన అడవి నిలవదు. తోటలోనే ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే హెర్బేరియం ఉండడంతో 1890ల నుంచి ఇక్కడి మొక్కల వివరాలు నమోదయ్యాయి. వాటిని చేతబట్టుకుని 1994లో పరిశోధకులు ఇందులో 4 హెక్టార్లు గాలించారు. గతంలో నమోదైన 448 జాతుల్లో 220 మాత్రమే కనిపించాయి. పెద్ద చెట్ల కంటే పొదలు, తీగలు, కొమ్మల మీద బతికే మొక్కలు ఎక్కువగా అంతరించాయి. మిగిలిన చెట్ల జాతుల్లోనూ చాలావాటికి ఒకటో రెండో చెట్లే ఉన్నాయి.

కారణం అడవి చిన్నదైపోవడం, ఒంటరి కావడం. దట్టమైన అడవి లోపల నీడ, తేమ నిలకడగా ఉంటాయి. ముక్క చిన్నదయ్యేకొద్దీ అంచుల నుంచి ఎండ, వేడిగాలి లోపలిదాకా చొరబడతాయి. నీడకు అలవాటుపడిన మొక్కలు ముందుగా ఎండిపోతాయి. పుప్పొడి మోసే పురుగులు, గింజలు చిమ్మే పక్షులు, జంతువులు తగ్గితే, నిలబడి ఉన్న మహావృక్షానికి కూడా సంతానం ఉండదు. పచ్చగా కనిపిస్తున్నా దాని వంశం ఆగిపోయినట్టే. మన గుగ్గిలం చెట్టు చేరిన డిప్టెరోకార్ప్ కుటుంబంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. ఈ ప్రాంతంలో ఆ కుటుంబపు చెట్లు చాలావరకు ఏటా కాయవు, కొన్నేళ్లకోసారి కాస్తాయి. పైగా చాలావాటి గింజలు ఎండితే చచ్చిపోతాయి కాబట్టి విత్తన నిధిలో దాచడం కుదరదు. రాలిన కొద్ది రోజుల్లోనే మొలిపించాలి.

చుట్టూ ఉన్న తోట అడవిని కాపాడింది, అదే తోట విదేశీ మొక్కలనూ లోపలికి పంపింది. 1994 సర్వేలో అలాంటివి 80 జాతులు కనిపించాయి. అందుకే సంరక్షణ అంటే ఇక్కడ కంచె వేసి ఊరుకోవడం కాదు, ఎడతెగని చాకిరీ. చొరబడిన తీగలను పెరికేయాలి, ఈ అడవిలో కనుమరుగైన స్థానిక జాతుల మొక్కలు నాటాలి. సందర్శకులు చెక్కబాట మీదే నడవాలి. అడుగుల కింద నేల గట్టిపడితే వాన నీరు ఇంకదు, వేళ్లకు గాలి అందదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది అడవికి చోటు పెంచడం. 2017లో పక్కనే టయర్సాల్ ప్రాంతంలో సుమారు 10 హెక్టార్ల లెర్నింగ్ ఫారెస్ట్‌ను తెరిచారు. అక్కడ మంచినీటి చిత్తడి అడవిని పునరుద్ధరించారు, స్థానిక వృక్షాలు నాటారు. అవి ఎదిగేకొద్దీ పాత అడవికి ఆ దిక్కున ఎండ తాకిడి తగ్గుతుంది, పక్షులకూ పురుగులకూ తిరిగే మేర పెరుగుతుంది.