చేప కలపని చింతపండు సాసు: ఇంటిలో తయారుచేయు విధానము

హోటళ్లలోను, పెద్ద దుకాణములలోను చిన్న సీసాలలో కనిపించు నల్లని, పలుచని పుల్ల సాసును మీలో పలువురు చూచియే యుందురు. దీనిని వూస్టర్ సాసు అందురు. ఇంగ్లండులోని వూస్టర్ పట్టణమున లీ, పెరిన్స్ అను ఇద్దరు మందుల వ్యాపారులు 1837లో దీనిని అమ్మకమునకు పెట్టిరి. వెనిగరు, పంచదార, ఉల్లి, వెల్లుల్లి, మసాలా దినుసులతోపాటు మనకు పెరటి వస్తువైన చింతపండు కూడ అందులో చేరును. అయితే ఉప్పులో ఊరిన ఆంకోవీ అను చిన్న చేపలను కూడ అందులో కలుపుదురు. చేప తినని వారు ఈ సంగతి ఎరుగక వాడుట కలదు. మన దేశములో చేప లేని రకములును దొరకును. కొనునపుడు సీసాపై ఆకుపచ్చ గుర్తున్నదా, గోధుమరంగు గుర్తున్నదా అని చూచుకొనవలెను. ఆకుపచ్చనిది శాకాహారమునకు గుర్తు.

ఇట్టి సాసును చేప లేకుండ ఇంటిలోనే చేసికొనవచ్చును.

చేపకు బదులు ఏమి?

చేప ఉప్పులో ఊరినపుడు అందలి మాంసకృత్తులు విడిపోయి గ్లుటామిక్ ఆమ్లము వెలువడును. సాసులోని కమ్మదనమునకు ముఖ్య కారణమిదియే. బాగుగా పండిన టమాటాలో ఈ ఆమ్లము సహజముగనే యున్నది. కావున చేప చేయు పనిని చాలవరకు టమాటా చేయగలదు. ఇక సాసు చెడకుండ నిలుచుటకు చేపతో పనిలేదు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లము, వెనిగరులోని ఆసిటిక్ ఆమ్లము, వీటికి తోడు ఉప్పు, బెల్లము దానిని కాపాడును. ఈ సంగతి బాగుగా గుర్తుంచుకొనుడు.

కొత్త చింతపండు ఫిబ్రవరి నుండి ఏప్రిల్ వరకు వచ్చును. ఆ రోజులలో టమాటా విరివిగా వచ్చి ధర తగ్గినచో, ఈ సాసుకు అదియే అనువైన సమయము.

కావలసిన పదార్థములు (సుమారు ఒక లీటరు సాసుకు)

గింజ, పీచు తీసిన చింతపండు – 250 గ్రాములు
బాగుగా పండిన టమాటాలు – 1 కిలో
బెల్లము – 250 గ్రాములు
వెనిగరు (4 శాతము) – 250 మిల్లీలీటర్లు
ఉప్పు – 60 గ్రాములు
ఉల్లి – 100 గ్రాములు
వెల్లుల్లి – 50 గ్రాములు
అల్లము – 25 గ్రాములు
ఎండుమిరప – 15 గ్రాములు
మిరియాలు, ఆవాలు – 5 గ్రాముల చొప్పున
లవంగము, దాల్చినచెక్క – 2 గ్రాముల చొప్పున
ఇంగువ – చిటికెడు

తయారుచేయు విధానము

1. చింతపండును ఒక లీటరు వేడినీటిలో రెండు గంటలు నానబెట్టి, పిసికి, పలుచని గుడ్డలో వడియగట్టవలెను.

2. టమాటాలను కడిగి, మచ్చపడిన వాటిని తీసివేసి, ముక్కలు చేసి మెత్తగా ఉడికించి జల్లెడలో రుద్దవలెను. తోలు, గింజలు పైన నిలిచిపోవును.

3. ఉల్లి, వెల్లుల్లి, అల్లము, మసాలా దినుసులను కచ్చాపచ్చాగా దంచి, శుభ్రమైన గుడ్డలో వదులుగా మూటగట్టవలెను. ఇంగువను మాత్రము విడిగా ఉంచవలెను.

4. బెల్లములో 50 గ్రాములు తీసి ముదురు గోధుమరంగు వచ్చువరకు కరిగించవలెను. మాడనీయరాదు. తరువాత చింతపండు రసమును కొద్దికొద్దిగా పోయవలెను. ఆ సమయమున చిందును గనుక పిల్లలను దూరముగా ఉంచుడు. సాసుకు రంగు దీనివలననే వచ్చును; వేరు రంగు అక్కరలేదు.

5. దీనిలో టమాటా గుజ్జు, మిగిలిన బెల్లము, ఇంగువ, మసాలా మూట వేసి, సన్నని మంటపై కలియబెట్టుచు సుమారు ముప్పాతిక లీటరు మిగులువరకు మరిగించవలెను. పిదప మూటను గట్టిగా పిండి తీసివేసి, రసమును మరల వడియగట్టవలెను.

6. చివరగా వెనిగరు, ఉప్పు చేర్చి ఒక పొంగు రానిచ్చి దించవలెను. వెనిగరును ముందుగా పోసినచో అందలి ఆమ్లము కొంత ఆవిరిలో పోవును.

7. 20 నిమిషములు నీటిలో మరిగించిన సీసాలను వేడిగా ఉండగనే చెక్కబల్లపై పెట్టి, వేడి సాసును మూతి వరకు నింపి వెంటనే బిగించవలెను. చల్లని బండపై పెట్టినచో సీసా పగులును.

మూడు వారములు చీకటి చోట కదపక ఉంచినచో ఘాటు తగ్గి రుచులు కలిసిపోవును. వాడునపుడెల్ల సీసాను బాగుగా ఊపవలెను. మూత తీయని సీసాను ఆరు నెలలలోపున వాడుకొనుట మంచిది.

తీసికొనవలసిన జాగ్రత్తలు

పింగాణీ పూత పాత్రగాని, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రగాని వాడుడు. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలను పులుపు తినివేయును. ఆ లోహము సాసులో చేరును. ఇనుప మూకుడులో రుచి, రంగు చెడును.

మిరపను, మసాలాలను మీ ఇష్టము చొప్పున మార్చుకొనవచ్చును. కాని చింతపండును, వెనిగరును, ఉప్పును తగ్గించుట తగదు. సీసాలు ఎక్కువ వచ్చునని నీరు కలుపుట అంతకంటె తప్పు. పులుపు పలచబడినచోట సూక్ష్మజీవులు పెరుగును. మూత తీయగనే బుసబుస పొంగినను, బూజు కనిపించినను ఆ సీసాను పారవేయుడు. బూజు తీసివేసి మరల మరిగించి వాడరాదు.

రక్తపోటు గలవారు దీనిని కొద్దిగానే వాడవలెను. పప్పులోనో, కూర పులుసులోనో ఒక చెంచాడు చాలును. గారెలకు, బజ్జీలకు నంజుకొనవచ్చును.

ఈ సాసువలన టమాటా ధర పెరుగదు. బండ్లకొలది సరుకు దీనితో చెల్లదు. కాని ఇంటికి వలసినది కొనకుండ గడచును. మహిళా సంఘములవారు అమ్మదలచినచో, 2006 నాటి ఆహార భద్రతా చట్టము ప్రకారము ముందుగా నమోదు చేయించుకొనవలెను. మీకు దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రమునకు వెళ్లి, గృహవిజ్ఞాన నిపుణుల సలహా తీసికొనుడు. మొదటి సారి ఒక్క లీటరు మాత్రమే చేసి, అది మూడు నెలలు చెడక నిలిచిన పిదప ఎక్కువ చేయుడు.