నలభై ఐదేళ్లకే మతిమరుపు ఎందుకు?

అల్జీమర్స్ అంటే తాతయ్యలకు, అమ్మమ్మలకు వచ్చే జబ్బనే అనుకుంటాం. కానీ దక్షిణ అమెరికాలోని కొలంబియాలో, ఆంటియోకియా కొండల్లో ఒక పెద్ద వంశం ఉంది. అందులో చాలామందికి నలభై ఐదేళ్లు వచ్చేసరికే జ్ఞాపకాలు చెదిరిపోతాయి. ఫ్రాన్సిస్కో లోపెరా అనే డాక్టరు 1980లలో వాళ్ల ఊళ్లు తిరిగి, వంశవృక్షాలు గీసి, ఇది తరతరాలుగా వస్తోందని పట్టుకున్నాడు.

దోషమంతా 14వ క్రోమోజోమ్ మీదున్న ప్రీసెనిలిన్-1 అనే జన్యువులో ఉంది. ఒకే ఒక్క అక్షరం మారింది, అంతే! ఈ జన్యువు తయారుచేసే ప్రోటీన్ మెదడులో కత్తెరలా మరో పెద్ద ప్రోటీన్‌ను ముక్కలు చేస్తుంది. అక్షరం మారితే కోత గురి తప్పుతుంది. కాస్త పొడవైన, ఒకదానికొకటి అంటుకునే ముక్కలు ఎక్కువవుతాయి. అదే అమిలాయిడ్. మతిమరుపు బయటపడటానికి చాలా ఏళ్ల ముందునుంచే అది పేరుకుంటుంది.

అమ్మ నుంచో నాన్న నుంచో ఈ మార్పు ఒక్కటి వస్తే చాలు. పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. ఇలాంటి కుటుంబాలు చాలా అరుదు. మీ నాన్న బండి తాళాలు మరిచిపోతే కంగారు పడకండి.

అసలు వింత 2019లో వెలుగుచూసింది. ఆ వంశంలోనే ఒకావిడకు ఈ మార్పు ఉంది, మెదడు నిండా అమిలాయిడూ ఉంది. అయినా డెబ్భై దాటేదాకా జ్ఞాపకశక్తి నిలిచింది! ఎలా? అపోఇ అనే ఇంకో జన్యువులో ‘క్రైస్ట్‌చర్చ్’ అనే అరుదైన మార్పు ఆమెకు అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా వచ్చింది. టావ్ అనే ప్రోటీన్ చిక్కులు పడకుండా అదే కాపాడిందని శాస్త్రవేత్తల అంచనా. దాన్ని అనుకరించే మందు కోసం ఇప్పుడు ప్రయోగశాలల్లో వెతుకుతున్నారు.