సొరచేప కనిపించకపోయినా ఎందుకంత భయం?

చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు. ఇద్దరు మనుషులు మెడదాకా మునిగి తేలుతున్నారు. అంతలో ఒకరి కాలికి ఏదో తగిలింది. అంతే, సినిమా చూస్తున్నవాళ్లు తమ కాళ్లను కుర్చీ మీదకు లాక్కుంటారు.

2003లో క్రిస్ కెంటిస్ తీసిన 'ఓపెన్ వాటర్' చూసినవారికి ఈ అనుభవం కొత్త కాదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో పుట్టి పెరిగినవారికి కూడా ఈ భయం ఎందుకు కలుగుతుంది?

దీనికి సగం జవాబు ఒక యంత్రం మొరాయించడంలో ఉంది. స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'జాస్' (1975) కోసం చేయించిన యాంత్రిక సొరచేప ఉప్పునీళ్లలో దిగగానే పాడవడం మొదలుపెట్టింది. గత్యంతరం లేక దర్శకుడు సొరచేపను దాచేశాడు. నీటి అడుగు నుంచి పైకి చూసే కెమెరా, జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతం దాని పని చేశాయి. సినిమా మొదలై గంట దాటితే గానీ సొరచేప పూర్తిగా కనిపించదు. అప్పటికే ప్రేక్షకుడు దాన్ని తన మనసులో తయారు చేసుకుని ఉంటాడు.

తర్వాత వచ్చిన సినిమాలు మనిషిని ఒంటరిని చేసి ఈ సూత్రాన్ని ఇంకా బిగించాయి. 'ద షాలోస్' (2016)లో గాయపడిన సర్ఫర్ ఒక బండ మీద చిక్కుకుంటుంది. ఒడ్డు కళ్లెదుటే ఉంటుంది గానీ చేరుకోలేదు. '47 మీటర్స్ డౌన్' (2017)లో సొరచేపల కంటే సిలిండర్‌లో తరిగిపోయే గాలే ఎక్కువ కంగారు పెడుతుంది.

ఈ వరుసలో 'ఓపెన్ వాటర్' తీరు వేరు. అందులో ఉన్నవి గ్రాఫిక్స్ కావు, నిజమైన సొరచేపలే. వాటి మధ్యే నటీనటులు నీళ్లలో ఉన్నారు. రాత్రి తుపాను దృశ్యంలో మెరుపు మెరిసినప్పుడు తప్ప తెర మీద ఏమీ కనపడదు. ఈ కథకు ఆధారం 1998లో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ వద్ద జరిగిన ఘటన. డైవింగ్‌కు వెళ్లిన అమెరికన్ దంపతులను వదిలేసి పడవ వెనక్కి వచ్చేసింది. వాళ్లు లేరన్న సంగతి రెండు రోజులకు గానీ ఎవరికీ తట్టలేదు. ఆ ఇద్దరూ దొరకనేలేదు. అసలు ఏం జరిగిందో చెప్పగల సాక్షి లేడు. సొరచేపలు సినిమా ఊహ. మనుషుల లెక్క తప్పడం మాత్రం నిజంగా జరిగినదే, ఆలోచిస్తే అదే ఎక్కువ వణికిస్తుంది.

సొరచేప నిజంగా అలా వెంటాడుతుందా?

'ద షాలోస్'లో పక్కనే ఒక తిమింగలం కళేబరం తేలుతూ ఉంటుంది. టన్నుల కొద్దీ కొవ్వు అందుబాటులో ఉండగా ఏ సొరచేపా ఒక మనిషి కోసం రోజంతా కాపు కాయదు. ఫ్లోరిడాలోని అంతర్జాతీయ రికార్డుల ప్రకారం 2024లో ప్రపంచమంతటా కవ్వించకుండానే సొరచేపలు మనుషులను కరిచిన ఘటనలు 47. మరోవైపు, మనుషులు ఏటా దాదాపు 10 కోట్ల సొరచేపలను చంపుతున్నారని 2013లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది. అవి ఆలస్యంగా ఈడుకొస్తాయి, తక్కువ పిల్లలను పెడతాయి. అందుకే ఒకసారి తగ్గితే మళ్లీ పెరగడం కష్టం.

ఇందులో సినిమా వాటా ఎంత? వేటకు అసలు కారణం రెక్కల వ్యాపారం, చేపల వలలు. 'జాస్' విడుదలయ్యాక అమెరికాలో సొరచేపలను సరదాకు వేటాడటం పెరిగిందన్న విమర్శ కూడా ఉంది. మూల నవల రాసిన పీటర్ బెంచ్లీ తర్వాతి కాలమంతా సముద్ర పరిరక్షణ కోసం పనిచేశారు. తన సినిమా ప్రభావంపై విచారం వ్యక్తం చేస్తూ 2022లో స్పీల్‌బర్గ్ కూడా మాట్లాడారు.

మన తీరంలో కథ మరోలా ఉంటుంది. ఇక్కడ సొర అంటే ముందు గుర్తొచ్చేది పళ్లు కాదు, పుట్టు. బాలింతలకు సొరపుట్టు పెడితే పాలు బాగా పడతాయని కోస్తా ఇళ్లలో నమ్మకం. సొరచేపలను ఎక్కువగా పట్టే దేశాల్లో భారత్ ఒకటి. 2015లో కేంద్రం వాటి రెక్కల ఎగుమతిని నిషేధించింది. చేపలన్నిటిలోకీ పెద్దదైన వేల్ షార్క్‌కు 2001 నుంచే వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది. 2021 డిసెంబర్‌లో విశాఖపట్నం దగ్గర తంతడి తీరంలో అలాంటిదొకటి వలలో పడింది. మత్స్యకారులు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని మళ్లీ లోతు నీళ్లలోకి సాగనంపారు.