గైడ్ కుదిరితే సగం గెలిచినట్టే!

"మళ్లీ ఆడపిల్లేనా?" అని పురిటి గది గుమ్మంలోనే అత్తగారు నిట్టూర్చడం, తప్పంతా కోడలిదే అన్నట్టు చూడటం మనకు కొత్త కాదు. పుట్టేది ఆడో మగో తేల్చేది తండ్రి నుంచి వచ్చే క్రోమోజోమే అని ఇప్పుడు స్కూలు పిల్లలు కూడా చెబుతారు. అయితే 1905లో ఆ సంగతికి రుజువు చూపింది ఒక స్త్రీ అనీ, ఆమెకు వెన్నుదన్నుగా ఒక గురువు నిలిచారనీ ఎంతమందికి తెలుసు?

ఆమె పేరు నెట్టీ స్టీవెన్స్. అమెరికాలో ఒక వడ్రంగి కూతురు. ఏళ్ల తరబడి టీచరుగా పనిచేసి, 35వ ఏట స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరారు. 1900లో బ్రిన్ మార్ మహిళా కళాశాలకు పరిశోధక విద్యార్థినిగా వెళ్లారు. అక్కడి ప్రొఫెసర్లలో ఒకరు థామస్ హంట్ మోర్గాన్.

1903లో పీహెచ్‌డీ చేతికొచ్చింది. కానీ పరిశోధన సాగాలంటే డబ్బు కావాలి కదా! నెట్టీ కార్నెగీ సంస్థకు దరఖాస్తు పెట్టుకున్నారు. పన్నెండేళ్లలో తన దగ్గర చదివినవాళ్లలో ఇంత సమర్థంగా, సొంతంగా పరిశోధన చేయగలవాళ్లు మరొకరు లేరని మోర్గాన్ సిఫారసు రాశారు. సహాయం అందింది. విచిత్రమేమిటంటే, క్రోమోజోములే ఆడామగా తేలుస్తాయన్న మాటను మోర్గాన్ అప్పటికి నమ్మేవారు కాదు. అయినా శిష్యురాలి దారికి అడ్డు రాలేదు!

పిండిలో పట్టే ఒక రకం పురుగును నెట్టీ మైక్రోస్కోపు కింద పరీక్షించారు. ఆడ పురుగు కణాల్లో 20 పెద్ద క్రోమోజోములు. మగ పురుగులో 19 పెద్దవి, ఒకటి బుల్లిది. ఆ బుల్లి క్రోమోజోము ఉన్న వీర్యకణం కలిస్తే మగ, పెద్దదున్నది కలిస్తే ఆడ. ఈనాడు వై క్రోమోజోము అంటున్నది ఆ బుల్లిదాన్నే.

అదే ఏడాది ఎడ్మండ్ విల్సన్ కూడా ఇలాంటి ఫలితాలే ప్రకటించారు. తరవాత చాలాకాలం పేరంతా విల్సన్‌కీ, మోర్గాన్‌కే దక్కింది. నెట్టీ 1912లో రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు. మోర్గాన్‌కు 1933లో నోబెల్ బహుమతి వచ్చింది. గురువు అండ ఎంత ముఖ్యమో, చేసిన పనికి పేరు దక్కడమూ అంతే ముఖ్యమని ఆమె కథ చెబుతోంది.

మరి మన అమ్మాయి జెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటే? సీసీఎంబీ, ఉస్మానియా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఆంధ్రా యూనివర్సిటీ... మన దగ్గరే చోట్లున్నాయి. సీటు వచ్చిందని సంబరపడి ఊరుకోకుండా, చేరేముందే అక్కడి సీనియర్లను నాలుగు మాటలు అడగమనండి.

* ఈ గైడ్ దగ్గర ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు? ఇప్పుడెక్కడున్నారు?

* విద్యార్థి చేసిన పనికి పరిశోధనా పత్రంలో మొదటి పేరు విద్యార్థిదేనా?

* గైడ్ వారానికోసారైనా కూర్చోబెట్టుకుని మాట్లాడతారా?

* ప్రయోగం పాడైతే కేకలేస్తారా, ఎక్కడ పొరపాటు జరిగిందో వెతకడం నేర్పుతారా?

ఈ చివరిది చిన్న విషయం కాదు. నెలల తరబడి పెంచిన కణాలు ఒక్క రాత్రిలో పాడైపోవచ్చు. అప్పుడు ధైర్యం చెప్పే మనిషి లేక మానేసే పిల్లలుంటారు.

డబ్బు సంగతంటారా? నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ వస్తే, 2023 జనవరిలో పెంచిన లెక్కన మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పెళ్లయితే చదువు ఆగిపోతుందన్న భయమూ అక్కర్లేదు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ గడువులో స్త్రీలకు అదనంగా 2 ఏళ్ల సడలింపు ఇవ్వవచ్చు. ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకు ఇవ్వవచ్చు. చాలామంది అమ్మాయిలకు ఈ సంగతి తెలియక అడగరు. అడగడంలో తప్పేముంది?

ఇక ఇంట్లోవాళ్లు చేయాల్సిందీ ఉంది. "ఇంకా ఎన్నాళ్లే ఈ చదువు?" అనే ప్రశ్నను కొంతకాలం పక్కన పెట్టండి. ల్యాబ్ నుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లకు ముందు అన్నం పెట్టండి. ఆనక "ఇవాళ ఏం చూశావే మైక్రోస్కోపులో?" అని అడగండి. ల్యాబ్‌లో గురువు ఒకరుంటే, ఇంట్లో మీరున్నారన్న ధీమా దానికి చాలు!